పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, ఒక గంట అదనపు సమయం: నా అనుభవం

నాకు స్టార్‌గార్ట్ వ్యాధి ఉంది. కంటిలోని రెటీనా మధ్యభాగాన్ని, అంటే మాక్యులాను, దెబ్బతీసే జన్యుపరమైన వ్యాధి ఇది. పక్కచూపు బాగానే ఉంటుంది గానీ, సూటిగా చూసిన చోట మసక కమ్ముతుంది. హనుమకొండ చౌరస్తాలో ఎవరి సాయమూ లేకుండా రోడ్డు దాటగలను. చేతిలో ఉన్న ప్రశ్నపత్రంలో మాత్రం గుణింతాలు, ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎం.ఏ. అర్థశాస్త్రం సెమిస్టర్ పరీక్షలకు సౌకర్యాలు కోరినప్పుడు నాకు ఎదురైన చిక్కంతా ఇక్కడే మొదలైంది.

"మంచిగనే నడుసుకుంట వచ్చినవ్ గద బిడ్డా, నీకెందుకు ఇవన్నీ?" అని కళాశాల కార్యాలయంలో గుమస్తా గారు అడిగారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చూపించాక, స్క్రైబ్‌ను, అంటే మనం చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషిని, పెట్టుకొమ్మని, లేకుంటే అందరితో పాటే రాయమని అన్నారు. ఆయనకు నా మీద కోపమేమీ లేదు. చూపు సమస్య ఉన్న విద్యార్థికి ఇచ్చేది స్క్రైబ్ ఒక్కటేనని ఆ కార్యాలయంలో అందరూ నమ్ముతున్నారు, అంతే.

నేను స్క్రైబ్ వద్దనుకోవడానికి బలమైన కారణం ఉంది. మనం తెచ్చుకునే స్క్రైబ్ చదువు మన చదువు కంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలన్నది అప్పటి నిబంధన. అర్థశాస్త్రం పటంలో బడ్జెట్ రేఖ ఉదాసీనతా వక్రరేఖను ఎక్కడ తాకాలో డిగ్రీ చదివే తమ్ముడికి మాటలతో చెప్పి గీయించడం కంటే, మందపాటి నల్ల స్కెచ్ పెన్‌తో నేనే గీయడం ఎంతో సులువు. నా చేయి బాగానే ఉంది. నాకు సమయం పట్టేది చదవడానికి.

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలను చదివిన తరువాతే నాకు ధైర్యం వచ్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని, స్క్రైబ్ తీసుకోకపోయినా మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట ఇవ్వవచ్చని, బ్రెయిలీ, కంప్యూటర్, పెద్ద అక్షరాలు వంటి పద్ధతుల్లో తమకు అనువైనదాన్ని ఎంచుకునే వీలు సాధ్యమైనంతవరకు కల్పించాలని అందులో ఉంది. 40 శాతం లోపు ఉన్నవారు కూడా నిరాశపడవలసిన పని లేదు. రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి ఆ శాతంతో నిమిత్తం లేకుండా స్క్రైబ్‌ను ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దరఖాస్తులో "తగిన సౌకర్యాలు కల్పించగలరు" అని రాసి వదిలేస్తే, ఆ తగినవేమిటో కార్యాలయమే నిర్ణయిస్తుంది. అందుకే పాత ప్రశ్నపత్రంలోని ఒకే పేరాను జిరాక్స్ షాపులో 12, 16, 18, 20 పాయింట్ల సైజుల్లో ప్రింటు తీయించి, పక్కపక్కన అంటించాను. పన్నెండులో "వృద్ధి" కూడా "వృత్తి"లాగే కనిపించింది. ఇరవైలో ఒత్తు విడిగా తెలిసింది. ఆ కాగితాన్ని, కంటి వైద్యుని నివేదికను, మార్గదర్శకాల ప్రతిని జతచేసి, నాకు కావలసిన నాలుగింటినీ వరుసగా రాశాను: పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, అదనపు గంట, కింది అంతస్తులో వెలుతురు ఉన్న చోటు, స్కెచ్ పెన్‌కు అనుమతి. రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకున్నాను. ఎంతకీ జవాబు రాకపోవడంతో, దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల పరిష్కార అధికారి ఎవరో తెలియజేయాలని మర్యాదగా మరో లేఖ ఇచ్చాను. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారణ జరపాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ లేఖతో ఫైలు కదిలింది.

ప్రశ్నపత్రం పెద్దది చేయడానికి గోప్యత అడ్డువస్తుందని కొందరు సందేహించారు. పరీక్షా కేంద్రం బాధ్యతలు చూసే చీఫ్ సూపరింటెండెంట్ సార్ దానికి చక్కని మార్గం చూపారు. సీలు విప్పిన తరువాత, పరీక్షా కేంద్రంలోని యంత్రం మీదే, ఇన్విజిలేటర్ ఎదుట ఎ4 కాగితాన్ని ఎ3 మీదికి తీయించారు. అలా చేస్తే అక్షరం దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది. నేను అడిగిన ఇరవై పాయింట్లు రాలేదు గానీ, భూతద్దంతో కలిపితే సరిపోయింది. కాగితం నా చేతికి వచ్చిన నిమిషం నుంచే నా సమయం లెక్కపెట్టారు.

అదనపు గంట ఒక్కటి కాగితం మీద ఉన్నంత తేలికగా దొరకలేదు. పరీక్ష మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి వరకు. ఐదు కాగానే ఇన్విజిలేటర్ నా జవాబుపత్రం కోసం చేయి చాచారు; అనుమతి పత్రం నకలు జేబులో ఉంది కాబట్టి సరిపోయింది. అయితే ఆరింటి దాకా గదిలో ఒకరు కూర్చోవాలి, లైట్లు వేసి ఉంచాలి, వాచ్‌మన్ తాళం వేయకుండా ఆగాలి. పగలంతా పని చేసి ఇంటికి వెళ్ళవలసిన మనుషులు వాళ్ళు. ఈ ఏర్పాటు ముందే డ్యూటీ చార్టులో రాసి ఉంటే, నావల్లే వాళ్ళకు ఆలస్యమవుతోందన్న బాధ నాకు ఉండేది కాదు. నాకు కూడా ఆ తరువాత పరకాల బస్సు దొరకాలి. అంత చీకట్లో బస్సు బోర్డు నేను చదవలేను, కండక్టర్లను అడుగుతూ ఎక్కాను. తరువాతి సెమిస్టర్‌లో నా పరీక్షలకు వేరే గదిని, రెండో ఇన్విజిలేటర్‌ను ముందుగానే కేటాయించారు.

ఆ అనుమతి సెమిస్టర్ పరీక్షలకే వర్తిస్తుంది. ఇంటర్నల్ పరీక్షల్లో ప్రశ్నలను ఇప్పటికీ బోర్డు మీదే రాస్తున్నారు. వాటిని ముందుగా కాగితం మీద ఇవ్వాలని మా విభాగాధిపతికి వేరే దరఖాస్తు ఇచ్చాను. అది ఇంకా పరిశీలనలో ఉంది.