ద్రవానికీ వాయువుకీ మధ్య గీత

ఆదివారం, రాత్రి.

పొద్దున సైకిల్ టైరులో గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం చేతికి చుర్రుమంది. లోపల పిస్టన్ రాపిడి వల్ల అనుకుంటాం గానీ, అందులో రాపిడి వాటా తక్కువే. రాపిడే కారణమైతే గొట్టం పొడవునా వేడెక్కాలి. ఇక్కడ వేడంతా గాలి నలిగే చోట, అంటే అడుగునే ఉంది. ఎదురొస్తున్న బ్యాటుకి తగిలిన బంతి వచ్చినదానికంటే వేగంగా వెనక్కి వెళ్తుంది కదా, దూసుకొచ్చే పిస్టన్‌కి తగిలిన గాలి అణువుల సంగతీ అంతే. అణువులు మొత్తంగా జోరందుకోవడాన్నే మనం ఉష్ణోగ్రత పెరగడం అంటాం. 27 డిగ్రీల గాలిని, వేడి బయటికి పోయే వ్యవధి ఇవ్వకుండా, సగం జాగాలోకి నొక్కేస్తే లెక్క ప్రకారం 120 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేకుండానే మంట పుడుతోందంటే ఇందువల్లే.

టైరు గట్టిపడ్డాక వాల్వు నొక్కి కాస్త గాలి వదిలితే వేలికి చల్లగా తగిలింది. బయటికొచ్చే గాలి చుట్టూ ఉన్న గాలిని నెట్టుకుంటూ వ్యాకోచించాలి, ఆ పనికయ్యే ఖర్చు తన వేడిలోంచే పెట్టుకోవాలి. మేఘాలు కట్టేదీ ఈ పద్ధతిలోనే. పైకి లేచే గాలి, అందులోని ఆవిరి ఇంకా నీరుగా మారనంతవరకు, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతూ పోతుంది.

పొద్దున్నే బుర్రలో ఇవన్నీ తిరగడానికి కారణం మా అమ్మాయి. నిన్న రాత్రి ఘన, ద్రవ, వాయు స్థితులని మూడు గళ్ళ పట్టిక గీసుకుంది. రాయి ఘనం, నీళ్ళు ద్రవం, గాలి వాయువు. గళ్ళు నింపేసి "అయిపోయింది నాన్నా, ఈ పాఠం చాలా ఈజీ" అంది. పట్టికలో తప్పేం లేదు. కానీ నాకెందుకో మనసొప్పలేదు. నీళ్ళు ద్రవం అన్నామంటే మనం బతుకుతున్న ఉష్ణోగ్రతా పీడనాల్లో ద్రవం అని అర్థం. ఆ రెండింట్లో ఏదో ఒకటి మారిస్తే చాలు, పేరు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి పోతుంది. ఇవాళ సెలవు కాబట్టి, తనకి ఓపిక ఉన్నంతసేపు ఇంట్లో దొరికిన వాటితోనే చూపిద్దామనుకున్నాను.

ముందు కెటిల్. స్విచ్ వేశాక కాసేపటికి అడుగున చిన్న చిన్న బుడగలు అతుక్కుంటాయి. అవి ఆవిరి కావు, నీళ్ళలో కరిగి ఉన్న గాలి. ఆ తర్వాత మొదలవుతుంది అసలు రొద. అడుగున పుట్టిన ఆవిరి బుడగ పైనున్న చల్లటి నీళ్ళలోకి రాగానే చప్పున నలిగిపోతుంది. వేల బుడగలు అలా నలుగుతున్న చప్పుడది. నీళ్ళన్నీ మరిగే వేడికి చేరాక బుడగలు నలగకుండా పైదాకా వచ్చి పగులుతాయి, గోల తగ్గుతుంది. మా అమ్మాయి చెవి దగ్గరపెట్టి విని "ఇప్పుడు మరుగుతోంది" అని చూడకుండానే చెప్పింది.

కెటిల్ ముక్కు దగ్గర చూడాల్సింది ఇంకోటి ఉంది. తెల్లగా పొగలా వచ్చేదాన్ని అందరం ఆవిరి అంటాం. నిజానికి ముక్కుకు ఆనుకుని వేలెడంత మేర ఏమీ లేనట్టు కనిపించే ఖాళీయే ఆవిరి. నీటి ఆవిరికి రంగు లేదు. ఆ ఖాళీ దాటాక చల్లబడి సన్నటి నీటి బిందువులైతే తెల్లగా కనిపిస్తుంది, అంటే అది మళ్ళీ ద్రవమే. ఇంకాస్త పైకి పోయాక ఆ బిందువులు గాలిలో ఆరిపోయి మాయమవుతాయి. కనిపించకుండా, కనిపించి, మళ్ళీ కనిపించకుండా. వాయువు, ద్రవం, వాయువు. పట్టికలో రెండు గళ్ళు జానెడు ఎత్తులోనే దొరికాయి. మా అమ్మాయి వేలు పెట్టి చూపించబోతుంటే మాత్రం ఆపేశాను. ఆ ఖాళీ చోటే చేతిని అన్నిటికంటే ఘోరంగా కాల్చేది.

ఎందుకంటే లెక్క ఉంది. కిలో నీళ్ళని 25 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి దాదాపు 314 కిలోజౌళ్ళు చాలు. అదే 100 డిగ్రీల నీళ్ళని, ఒక్క డిగ్రీ కూడా పెంచకుండా, మొత్తం ఆవిరి చేయడానికి 2257 కిలోజౌళ్ళు కావాలి, ఏడు రెట్లు. మా కెటిల్ 1500 వాట్లది. లీటరు నీళ్ళు మూడున్నర నిమిషాల్లో మరుగుతాయి, ఆటోమేటిక్‌గా ఆగిపోకపోతే అవన్నీ ఆవిరై అడుగంటడానికి ఇంకో 25 నిమిషాలు పడుతుంది. ఇంత వేడి లోపలికి పోతున్నా థర్మామీటరు కదలదు. అందుకే దాన్ని గుప్తోష్ణం అన్నారు. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ పట్టుకున్న సంగతి ఇది. అక్కడే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేస్తూ ఉన్న జేమ్స్ వాట్, ఆవిరి యంత్రం అంత బొగ్గు ఎందుకు తింటోందో తేల్చుకున్నది కూడా ఆ రోజుల్లోనే. దాచుకున్న వేడిని ఆవిరి ఎక్కడ మళ్ళీ నీరవుతుందో అక్కడ వదిలేస్తుంది. అది మన చర్మం మీదైతే, మరిగే నీళ్ళు పడినదానికంటే ఎన్నో రెట్లు వేడి ఒక్కసారిగా దిగుతుంది.

కెటిల్ చల్లారేలోపు సింకు దగ్గరికి వెళ్ళాం. ఇది పాఠంలో లేదు, నా సరదా. కొళాయి సన్నగా తిప్పితే నీటిధార గాజుకడ్డీలా కదలకుండా నిలబడుతుంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. పడుతూ వేగం పెరుగుతుంది, కానీ ప్రతి సెకనుకూ అంతే నీరు పోవాలి, కాబట్టి లావు తగ్గక తప్పదు. కొంచెం ఎక్కువ తిప్పితే గాజు కాస్తా గరుకెక్కుతుంది. ఆర్పేసిన కొవ్వొత్తి పొగ కూడా ముందు దారంలా నిటారుగా లేచి, పైకి పోయాక మెలికలు తిరిగి చెదిరిపోతుంది. 1883లో ఆస్బార్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీటితో పాటు రంగు వదిలి, ఎప్పటిదాకా రంగు గీతలా సాగుతుందో, ఎప్పుడు కలగాపులగం అవుతుందో చూశాడు. అది తేల్చడానికి వేగం, గొట్టం వెడల్పు, ద్రవం సాంద్రత, స్నిగ్ధత (అంటే జిగట) కలిపి ఒకే సంఖ్య తేలింది. వాయువులకూ అదే సంఖ్య పనికొస్తుంది. ప్రవహించే తీరులో పొగకూ నీళ్ళకూ చుట్టరికం అక్కడ బయటపడుతుంది. రెంటినీ కలిపి ప్రవాహులు అనడం ఊరికే కాదు.

సింకులో నాకు ఎప్పుడూ విసుగుపుట్టనిది ధార పడేచోట ఏర్పడే వలయం. నీళ్ళు పడిన చోటు నుంచి అద్దంలా పల్చటి పొర అన్నివైపులా పరుగెడుతుంది, కొంతదూరం పోయాక ఉన్నట్టుండి గట్టులా పైకి లేచి మందంగా, నెమ్మదిగా మారుతుంది. వలయం లోపల నీటివేగం, ఆ నీటిమీద అలలు పాకే వేగం కన్నా ఎక్కువ. అందుకే అక్కడ వేలు ఆనిస్తే అల వెనక్కి పోలేక V ఆకారంలో ప్రవాహం వెంటే సాగుతుంది. వలయం బయట వేలు పెడితే అలలు అన్నివైపులా పాకుతాయి. కొళాయి ఎక్కువ తిప్పితే వలయం పెద్దదవుతుంది, తగ్గిస్తే ముడుచుకుంటుంది. మా అమ్మాయి పది నిమిషాలు కొళాయితోనే ఆడింది. నీళ్ళు వృథా అవుతున్నాయని కింద బకెట్ పెట్టించింది వాళ్ళమ్మ.

అప్పటికి కెటిల్‌లో నీళ్ళు 60 డిగ్రీలకు వచ్చాయి. సూది లేని సిరంజిలోకి కాసిని నీళ్ళు తీసి, గాలి లేకుండా పైకి నెట్టి, మూతి వేలితో గట్టిగా మూసి, వెనక పిస్టన్‌ని బలంగా లాగాను. నీళ్ళు కుతకుతా మరిగాయి. వదిలేస్తే ఆగిపోయాయి. మళ్ళీ లాగితే మళ్ళీ మరిగాయి. కరిగిన గాలేమో అని అనుమానం రాకుండా ముందే మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడటం మంచిదయింది. 60 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో ఐదో వంతు. పైనుంచి నొక్కే బరువు అంతకంటే తగ్గిందా, నీళ్ళు మరగాల్సిందే. ఎవరెస్టు శిఖరం మీద 70 డిగ్రీల దాపుల్లోనే మరుగుతాయి. "అయితే వంద అనేది?" అంది. వంద మనం ఉన్నచోటి గాలి బరువుకు సరిపడే అంకె. పీడనం ఇంకా తగ్గించుకుంటూ పోతే, 611 పాస్కళ్ళ (పాస్కల్ పీడనానికి కొలత) దగ్గర, 0.01 డిగ్రీల దగ్గర, మంచు, నీరు, ఆవిరి మూడూ ఒకే గిన్నెలో ఏదీ ఏదిగానూ మారిపోకుండా కలిసి ఉంటాయి. దాన్ని త్రిక బిందువు అంటారు. 1954 నుంచి 2019 దాకా కెల్విన్ అనే ఉష్ణోగ్రత కొలతకు పునాది అదే. "మరి దాన్ని ఏ గడిలో రాయాలి?" నేను ఎదురుచూసిన ప్రశ్న అదే.

తర్వాత లైటర్. ప్లాస్టిక్ ఒళ్ళున్న చవక రకం, లోపల ద్రవం కనిపించేది. అందులో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. బయట అయితే సున్నా డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. లోపల తన ఆవిరే తనను సుమారు రెండు వాతావరణాల పీడనంతో నొక్కి పట్టుకోవడం వల్ల ద్రవంగా ఉండగలుగుతోంది. లైటర్ నిండా ఉన్నా, అడుగున కాస్తే ఉన్నా ఆ పీడనం ఒకటే. గ్యాస్ బయటికి పోయినంత మేర ద్రవం ఆవిరై భర్తీ చేస్తుంది, ఆఖరి బొట్టు దాకా. పీడనం పెంచేది కేవలం వేడి. కిటికీ దగ్గర ఎండలో పడి ఉన్న లైటర్‌ని తీసి సొరుగులో పెట్టింది అందుకే.

ఒత్తిడితో బ్యూటేన్ లొంగింది కాబట్టి ఏ వాయువునైనా గట్టిగా నొక్కితే ద్రవం అవుతుందని అనిపిస్తుంది. 19వ శతాబ్దంలో అందరూ అదే అనుకుని నొక్కారు. ఫారడే 1823లో క్లోరిన్‌ని ద్రవం చేశాడు, తర్వాత చాలా వాయువుల్ని లొంగదీశాడు. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ మాత్రం ఎంత నొక్కినా వినలేదు. వీటికి "శాశ్వత వాయువులు" అని పేరే పెట్టేశారు. చిక్కు విప్పింది థామస్ ఆండ్రూస్, 1869లో, కార్బన్ డయాక్సైడ్‌తో. 31 డిగ్రీల లోపు నొక్కితే అది ద్రవమవుతోంది, ఆపైన ఎంత నొక్కినా కావట్లేదు, చిక్కబడుతుందంతే. ప్రతి వాయువుకూ ఇలాంటి హద్దు ఒకటుంది. నైట్రోజన్‌కి అది మైనస్ 147 డిగ్రీలు. మొండితనం వాయువులో లేదు, చాలినంత చల్లబరచకపోవడంలో ఉంది. 1877లో ఆక్సిజన్ లొంగింది, చివరికి 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఆన్నెస్ చేతిలో హీలియం కూడా.

నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికంటే నచ్చేది ఈ హద్దే. నీటికి అది 374 డిగ్రీలు, సుమారు 218 వాతావరణాల పీడనం. ఈ రెండూ కలిసే చోటుని సందిగ్ధ బిందువు అంటారు. అక్కడ ద్రవానికీ ఆవిరికీ సాంద్రత ఒకటైపోయి, రెంటినీ వేరుచేసే ఉపరితలం చెరిగిపోతుంది. దాని పైన ఉన్నది నీళ్ళా, ఆవిరా అని అడగడానికి అర్థం లేదు. ఇంకా చిత్రం, ఆ బిందువుని చుట్టి వెళ్తే, అంటే ముందు పీడనం ఆ హద్దు దాటించి, తర్వాత వేడిచేసి, ఆపైన పీడనం తగ్గిస్తే, నీళ్ళని ఒక్క బుడగ కూడా రాకుండా ఆవిరిగా మార్చేయొచ్చు. కొత్తరకం థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో రోజూ జరుగుతున్నది ఇదే, అందులో నీళ్ళు మరగవు. ద్రవానికీ వాయువుకీ మధ్య మనం గీసిన గీత కొంతదూరం పోయి ఆగిపోతుంది. ఘనానికీ ద్రవానికీ మధ్య గీత అలా ఆగినట్టు ఎవరూ చూడలేదు. స్ఫటికంలో అణువులు వరుసలు తీరి ఉంటాయి, ద్రవంలో ఉండవు, ఆ వరుస సగం ఉండి సగం లేకుండా ఉండటం కుదరదు. వాయువుకూ ద్రవానికీ ఉన్న తేడా మాత్రం అణువులు ఎంత దగ్గరగా ఉన్నాయనేదే.

చూడటానికి ఘనంలా ఉండే ద్రవం కూడా ఒకటుంది, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927 నుంచి గరాటులో ఉన్న పిచ్ అనే తారులాంటి పదార్థం. దాని సంగతి కూడా చెప్పాను. సుత్తితో కొడితే పగిలే ఆ నల్లటి ముద్ద ఏళ్ళకొక బొట్టు చొప్పున కారుతోంది, తొమ్మిదో బొట్టు 2014లో పడింది. స్నిగ్ధత నీటికి దాదాపు 23 వేల కోట్ల రెట్లని లెక్క. దీనికి మా అమ్మాయి ఏమంత ఆశ్చర్యపోలేదు. ఏళ్ళ తరబడి కూర్చుని చూసేవాళ్ళ ఓపికకే ఆశ్చర్యపోయింది.

పడుకోబోయే ముందు నోట్‌బుక్ పట్టుకొచ్చింది. గళ్ళ మీద ఇప్పుడు ఉష్ణోగ్రత, పీడనం అని రెండు శీర్షికలు చేర్చింది. నీళ్ళు మూడు గళ్ళలోనూ ఉన్నాయి. లైటర్ మంటకి మాత్రం చోటు దొరకలేదట. "నాన్నా, నిప్పు ఏంటి మరి?" మంట అంటే మండుతున్న వేడి వాయువే, పసుపు రంగు అందులో ఎర్రగా కాలుతున్న మసి రేణువులది. కొన్ని అణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటాయి కానీ చాలా కొద్ది. ఆ పోగొట్టుకోవడం ముదిరితే ప్లాస్మా. మెరుపు దారిలో 30 వేల డిగ్రీలుంటుంది, అది ప్లాస్మా. సూర్యుడూ అంతే. లైటర్ మంటని ప్లాస్మా అనడానికి నాకు మనసు రాదు, ఒట్టి వాయువు అని సరిపెట్టుకోవడానికీ రాదు. ఎన్ని అణువులు అలా ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ప్లాస్మా అనాలి అని అడిగింది. ఒక అంకె దగ్గర ఠక్కున మారేది కాదని చెబితే, నాలుగో గడి గీసి, దాని ఎడమ గీతని చుక్కలు చుక్కలుగా వేసుకుంది.