సర్వర్‌కు నిన్నటి సంగతి గుర్తుండదు

సోమవారం, రాత్రి 9.30
భీమవరం

పొద్దున్న వెళ్లగానే మేనేజర్ గారు అడిగారు: "పోయిన ఏడాది మన సర్వర్ ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది? సాయంత్రానికి పట్టిక కావాలి." కొత్త యూపీఎస్ కొనాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలుతుందట.

సర్వర్ ఆగితే మా రొయ్యల ప్లాంటులో ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ని. కాటా దగ్గర తూకం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) చేత్తో చీటీల మీద రాయాలి. గేటు బయట వ్యాన్లు నిలిచిపోతాయి, ట్రేలలో ఐసు కరుగుతుంటుంది, రైతు ముఖం చూడలేము. ఈ లెక్క సరిగ్గా తేలాలని నాకూ పట్టుదల వచ్చింది.

మొదట సర్వర్‌లో 'అప్‌టైం' అన్న కమాండ్ కొట్టాను. 23 రోజులంది. అంటే చివరిసారి లేచినప్పటి నుంచి మాత్రమే. ఒరాకిల్ డేటాబేస్‌ను 'వీ డాలర్ ఇన్‌స్టాన్స్' అన్న దాని సొంత పట్టికలో అడిగినా అంతే, ఈ జన్మ ఎప్పుడు మొదలైందో చెబుతుంది, వెనుకటి జన్మల ఊసు ఉండదు. 'లాస్ట్ రీబూట్' కమాండ్ కొంత వెనక్కి తీసుకెళ్లింది. కానీ అది చదివే చిట్టా, డబ్ల్యూటీఎంపీ ఫైలును మా సర్వర్ నెలకోసారి పక్కకు మార్చి, పాతది ఒక్కటే ఉంచుకుంటుంది. అంతకు ముందు ఏమీ లేదు.

మా తాతగారు కాలువ లాకుల దగ్గర లస్కరు. గేజి రాయి ఇప్పుడున్న నీటిమట్టమే చూపిస్తుంది, నిన్నటిది కావాలంటే పుస్తకం తెరవాలి అనేవారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటిందని ఈ రోజు చెప్పుకోగలుగుతున్నామంటే, ఆ వానలో ఎవరో నిలబడి గేజి చూసి రాసిపెట్టబట్టే.

డేటాబేస్‌కూ అలాంటి పుస్తకం ఉంది, అలర్ట్ లాగ్. ఎవరైనా తీసేస్తే తప్ప పోదు. అదృష్టం కొద్దీ మా దాన్ని ఎవరూ తుడవలేదు. 'స్టార్టింగ్ ఒరాకిల్ ఇన్‌స్టాన్స్' అన్న వరుసలన్నీ ఏరితే ఏడాదిలో 14 వచ్చాయి. లేచిన వేళలు దొరికాయి సరే, పడిన వేళలో? మేమే ఆపినప్పుడు 'షటింగ్ డౌన్' అని రాసి ఆగుతుంది. అలాంటివి 5. మిగతా 9 సార్లు ఆ మాటే లేదు. లేచాక క్రాష్ రికవరీ, అంటే మధ్యలో తెగిన పనులను సరిచేసుకోవడం, చేసుకున్నట్టు మాత్రం ఉంది. అంటే ఉన్నపళంగా ప్రాణం పోయింది. తాను పోయిన ఘడియను తాను రాసుకోలేదు కదా. పడకముందు రాసిన చివరి వరుస వేళ తెలుస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో పడింది, అంతే. విండోస్ బిల్లింగ్ సర్వర్ కొంత నయం. దాని ఈవెంట్ లాగ్‌లో 6005 అన్న నంబరుంటే లేచినట్టు, 6008 ఉంటే అనుకోకుండా ఆగినట్టు.

మధ్యాహ్నం జనరేటర్ గదికి వెళ్లాను. "బాబాయ్, డీజిల్ పుస్తకం ఒకసారి ఇస్తారా?"

"తీసుకెళ్లు బాబూ, ఆరింటికల్లా ఇచ్చెయ్యి. కరెంటు పోతే రాసుకోవాలి."

కరెంటు పోయిన వేళ, జనరేటర్ వేసిన వేళ, పోసిన డీజిల్, అన్నీ ఒకే నీలి సిరాలో. తొమ్మిదిలో ఏడు ఆ పుస్తకంతో కలిశాయి. మిగిలిన రెండు రోజులూ అసలు కరెంటు పోలేదు.

మేనేజర్ గారు ఆ రెంటికీ 'విద్యుత్ అంతరాయం' అనే రాసెయ్యమన్నారు. నేను రాయలేదు. కారణం గడి ఖాళీగా ఉంచి, డిస్కు, మెమరీ పరీక్షించాలని కింద రాసి ఇచ్చాను. కాసేపు చూసి సంతకం పెట్టారు.

ఇంటికి బయలుదేరే ముందు, సర్వర్ లేచిన ప్రతిసారీ తేదీ, వేళ ఇంకో మెషీన్‌లోని ఫైలులో పడేలా చిన్న స్క్రిప్టు పెట్టాను. డీజిల్ పుస్తకం ఇచ్చి వస్తుంటే 6.10కి కరెంటు పోయింది. బాబాయి పెన్ను తీసి రాసుకున్నారు. యూపీఎస్ నిలబెట్టింది, నా ఫైలులో కొత్త వరుస పడలేదు.