నాలుగో సిలిండర్ మిస్సింగ్

ఇంజిన్‌లోని నాలుగు సిలిండర్లలో ఒకటి ఉండుండి మండకుండా ఊరుకుంటే మన మెకానిక్కులు "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. నా 1994 మాజ్డా మియాటా కారుకు నిరుడు ఆకులు రాలే కాలంలో ఆ జబ్బే పట్టుకుంది. అమెరికాలో మేముండే షార్లెట్ నుంచి వెళ్ళి బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి ఎక్కాక, ఐదో గేరులో గంటకు 45 మైళ్ళ వేగంతో, అంటే నిమిషానికి సుమారు 2,200 చుట్ల దగ్గర, ఎత్తు వచ్చినప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే బండి టపటపమని కుదుపులిచ్చేది. నాలుగో గేరుకు దించి కాలు కాస్త వదిలితే తగ్గేది. ఇంటికి వచ్చి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా, నిలిపిన చోటే) ఉంచితే మాత్రం 850 చుట్ల దగ్గర, అసలేమీ జరగనట్టు, నిలకడగా తిరిగేది.

లోపం ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అన్న ఈ తేడాలోనే సగం సమాధానం ఉంది. ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్ గాలి పీల్చే వైపు, ఏదైనా గొట్టం పగిలి అదనపు గాలి లోపలికి పోతుంటే ఐడిల్‌లోనే ఎక్కువగా వణుకుతుంది, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) తెరిచేకొద్దీ ఆ లోటు మరుగున పడుతుంది. పెట్రోలు చాలకపోతే బండి మెల్లగా నీరసించి పికప్ కోల్పోతుందే తప్ప ఇలా తెగ్గొట్టినట్టు కుదపదు. మిగిలింది స్పార్క్. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు సిలిండర్‌లో గాలి ఎక్కువగా నిండి, కంప్రెషన్ చివరలో పీడనం బాగా పెరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ ప్లగ్గు ఖాళీని దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. ఇన్సులేషన్‌లో ఎక్కడైనా బలహీనత ఉంటే, ఐడిల్‌లో తక్కువ వోల్టేజీకి అది తట్టుకుంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు తట్టుకోలేక చేతులెత్తేస్తుంది.

కంప్యూటర్ సాయం పెద్దగా దొరకదు. అమెరికాలో ఓబీడీ-2 (బండిలోని కంప్యూటరే లోపాలను పసిగట్టి చెప్పే పద్ధతి) తప్పనిసరి అయింది 1996 మోడళ్ళ నుంచి. ఏ సిలిండర్ మిస్ అవుతోందో లెక్కపెట్టి చెప్పే తెలివి నా బండికి లేదు. బానెట్ కింద ఉన్న డయాగ్నసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అన్న రెండు రంధ్రాలను తీగముక్కతో కలిపితే చెక్ ఇంజిన్ దీపం మినుకుమంటూ కోడ్లు చెబుతుంది. నాకు ఏ కోడూ చెప్పలేదు.

దగ్గరలోని ఒక గ్యారేజీవారు బండిని ఒక్క చుట్టు తిప్పి చూసి, కాయిల్ ప్యాక్ (ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజీ తయారుచేసి పంపే కాయిల్స్ పెట్టె) మార్చెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు, దానికి కారణం ఉంది. ఈ ఇంజిన్‌లో ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లేదు. సిలిండర్ హెడ్ వెనుక రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి 1, 4 సిలిండర్లకు, రెండోది 2, 3 సిలిండర్లకు. ఒక్కో కాయిల్ తన జంటలోని రెండు ప్లగ్గులకూ ఒకేసారి కరెంటు పంపుతుంది. ఒకదానిలో అది మంట పుట్టిస్తే, అదే క్షణంలో ఎగ్జాస్ట్ దశలో ఉన్న రెండోదానిలో వృథాగా పోతుంది. కాబట్టి కాయిల్ చెడితే సాధారణంగా జంట మొత్తం దెబ్బతినాలి. ఒక్క సిలిండరే మొరాయిస్తుంటే ముందు అనుమానించవలసింది దాని ప్లగ్గును, దాని వైరును. అయితే ఏ సిలిండరో ముందు తేలాలి గదా.

అందుకోసం, తెల్లవారుజామున ఎవరూ లేని ఒక పక్క రోడ్డు మీద, ఎత్తులో కుదుపులు వస్తుండగానే క్లచ్ నొక్కి, తాళం చెవిని ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పి ఇంజిన్ ఆపి, బండిని పక్కకు దొర్లించి నిలిపాను. (చెవి పూర్తిగా లాగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, రద్దీ రోడ్డు మీద ఈ పని చెయ్యకూడదు.) ఇంజిన్ కాస్త చల్లారాక ప్లగ్గులు విప్పితే మూడు లేత గోధుమరంగులో ఉన్నాయి, నాలుగోది నల్లబారి పెట్రోలు వాసన వేసింది, అంటే పెట్రోలు మండనిది అందులోనే. దాని తెల్లని పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిలుతో గీసినట్టు ఒక సన్నని గీత కూడా ఉంది. అది మురికి అనుకుని గుడ్డతో తుడిచేశాను. గుంటూరులో మా నాన్నగారి బజాజ్ చేతక్ ప్లగ్గును ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ బిగించడం చూస్తూ పెరిగినవాణ్ణి, ప్లగ్గు మీద నలుపు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆ తుడుపే నాకు రెండు శనివారాలు ఖర్చు పెట్టించింది.

మొదటి శనివారం టైమింగ్ లైటు (వైరులో కరెంటు పోయినప్పుడల్లా మెరిసే దీపం) క్లిప్పును నాలుగో వైరుకు తగిలించి, ఇంజిన్‌ను రేజ్ చేస్తూ చూశాను. ఒక్క మెరుపు కూడా తప్పలేదు. చీకటి పడ్డాక వైర్ల మీద నీళ్ళు తుంపరగా చల్లి నీలిరంగు మెరుపుల కోసం వెతికాను, ఏమీ కనపడలేదు. వైరు మంచిదే అన్న తప్పుడు నిర్ణయానికి వచ్చి, రెండో శనివారం నాలుగో ప్లగ్గును రెండో సిలిండర్‌లోకీ, రెండోదాన్ని నాలుగో దానిలోకీ మార్చాను. లోపం ప్లగ్గుదైతే రెండో సిలిండర్‌కు మారాలి, వైరుదైతే నాలుగులోనే ఉండాలి. అది మారనూ లేదు, ఒక్కచోట ఉండనూ లేదు. మళ్ళీ అదే ఎత్తు ఎక్కి చూస్తే ఇప్పుడు 2, 4 రెండు ప్లగ్గులూ నల్లబారాయి.

ఆ ఫలితం కాసేపు తలకెక్కలేదు. తరువాత టార్చి పట్టుకుని నాలుగో వైరు చివర ప్లగ్గుకు తొడిగే రబ్బరు బూట్ లోపలికి చూస్తే, నేను ప్లగ్గు మీద తుడిచేసిన గీతకు సరిగ్గా ఎదురుగా మరో గీత ఉంది. నిప్పురవ్వ ప్లగ్గు కొన దగ్గర దూకవలసింది పోయి, పింగాణీకి బూట్‌కు మధ్య సందులోంచి జారి ప్లగ్గు ఇనుప ఒంటికి చేరుతోంది. జారినప్పుడల్లా ఆ దారి కొంత కాలి కార్బన్ అవుతుంది, తరువాతి రవ్వకు అదే సులువైన బాట అవుతుంది. ఈ గీత పైపైన తుడిస్తే నిజంగా పోయేది కాదు. బాట ప్లగ్గు మీదా బూట్‌లోనూ ఉంది కనుక, పాత ప్లగ్గు కొత్త చోట లోపాన్ని వెంట తీసుకువెళ్ళింది, పాత బూట్ కొత్తగా వచ్చిన ప్లగ్గునూ పాడు చేసింది. టైమింగ్ లైటు నన్ను మోసం చెయ్యలేదు కూడా: కరెంటు కొన దగ్గర దూకినా, పక్కనుంచి జారినా వైరులోంచే పోవాలి కాబట్టి లైటు వెలుగుతూనే ఉంటుంది. లీకు బూట్ లోపల ఉన్నప్పుడు బయట చల్లిన నీళ్ళకు అది అందదు.

ఇక బూట్ ఎందుకు చెడిందన్న ప్రశ్న మిగిలింది. నాలుగో ప్లగ్గు గుంటలోకి స్క్రూడ్రైవర్ చివర గుడ్డ చుట్టి దించితే ఇంజిన్ ఆయిల్‌తో తడిసి వచ్చింది. ఇంజిన్ పై మూత అంచున ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ ఏళ్ళ వేడికి గట్టిపడి, ఆయిల్‌ను గుంటలోకి కార్చింది; ఆ ఆయిల్‌లో నానిన బూట్ మెత్తబడి, ఉబ్బి, పింగాణీని గట్టిగా పట్టుకోవడం మానేసింది.

వాల్వ్ కవర్ గ్యాస్కెట్, నాలుగు వైర్ల సెట్టు, 1.1 మిల్లీమీటర్ల ఖాళీతో నాలుగు కొత్త ప్లగ్గులు ఒకేసారి వేశాను. వీటిలో ఏ ఒక్కటి పాతది ఉంచినా కథ మొదటికి వచ్చేది. కాయిల్ ప్యాక్ పాతదే. అదే ఎత్తు, అదే ఐదో గేరు, అదే 2,200 చుట్లు. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కితే బండి నిదానంగానే అయినా కుదుపు లేకుండా పైకి పోయింది. ఐదు వందల మైళ్ళ తరువాత నాలుగో గుంటలోకి మళ్ళీ గుడ్డ దించి చూశాను, పొడిగా వచ్చింది.