నా వేరు బుడిపెల ఫొటోలు, ఒక తప్పు స్కేల్ బార్

నిన్నటి ల్యాబ్ మీటింగ్‌తో టెన్షన్ తీరింది. మర్చిపోకముందే రాస్తున్నాను.

నా పీహెచ్‌డీ వేరుశనగ వేరు బుడిపెల మీద, అంటే గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉండే, వేళ్ల మీది చిన్న గడ్డల మీద. అనంతపురం ఎర్రమట్టిలో కుండీలు పెట్టడం, 40 రోజులకు మొక్కలు పీకి వేళ్లు కడగడం ఇబ్బంది లేకుండానే జరిగిపోయాయి. స్టీరియో మైక్రోస్కోపులో తొలిసారి చూసినప్పుడు కళ్లు తిప్పుకోలేకపోయాను. పక్కవేరు పుట్టే సందులోనే బుడిపె ఉంటుంది. పక్కవేరు బయటికి వచ్చేటప్పుడు అక్కడ పడే పగులు గుండానే బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది. బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు, అది లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్ రంగు. కణాలు విడివిడిగా కావాలంటే పల్చటి సెక్షన్లు కోసి కాంపౌండ్ మైక్రోస్కోపులోనే చూడాలి.

మూడు రోజులు కూర్చుని రెండు వందల ఫొటోలు తీశాను. అన్నిటి మీదా స్కేల్ బార్, అంటే అసలు సైజు తెలిపే కొలత గీత, ఉంది. అప్పటి ల్యాబ్ మీటింగ్‌లో మొదటి స్లైడ్ పెట్టగానే మా గైడ్ ఆపేశారు. "ఎనిమిది మిల్లీమీటర్లా? వేరుశనగ బుడిపె ఎప్పుడమ్మా శనగగింజంత అయింది?" జూనియర్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

జరిగింది ఇదీ. సాఫ్ట్‌వేర్‌లో కొలత జూమ్ 1 దగ్గర సరిచూసి ఉంది. నేను తీసింది జూమ్ 4 దగ్గర. మన మైక్రోస్కోపు జూమ్ నాబ్ చేత్తో తిప్పేది, ఎంత తిప్పామో కెమెరాకు తెలియదు. రెండు మిల్లీమీటర్ల బుడిపెను ఎనిమిదిగా చూపించింది. మిగతావి ఏ జూమ్‌లో తీశానో రాసుకోలేదు, కాబట్టి సరిదిద్దే దారే లేదు. కోసిన బుడిపెలు అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి. మళ్లీ విత్తనం, మళ్లీ 40 రోజులు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లో మూడు రోజులూ నా పక్కనే ఉన్న ఆపరేటర్ ఈ ఒక్క మాట చెప్పలేదు. రిజిస్టర్‌లో సంతకం పెట్టలేదని మాత్రం రెండుసార్లు కేకలేశాడు. కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పించడం కూడా ఉద్యోగంలో భాగమే కదా! ఆ రూమ్‌కు వెళ్లేవాళ్లు ఎవరినీ నమ్ముకోకండి. జూమ్ మార్చిన ప్రతిసారీ స్టేజ్ మైక్రోమీటర్‌ను (సన్నటి కొలతగీతలున్న గాజుపలక), అది దొరక్కపోతే స్టీలు స్కేలునైనా, ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఫైలు పేరులోనే జూమ్ రాయండి.

ఇంకొకటి, తడి బుడిపె మీద లైటు తెల్లగా మెరిసి రంగును మింగేస్తుంది. టిష్యూతో నీరు అద్ది, లైటుకు బటర్ పేపర్ అడ్డం పెట్టాక నాకు అసలు గులాబీ రంగు వచ్చింది.

నిన్న కొత్త ఫొటోలు చూపించాను. బుడిపె 2.1 మిల్లీమీటర్లు. గైడ్ కళ్లద్దాలు సర్దుకుని స్కేల్ బార్ వైపు కాసేపు చూసి, "ఊఁ, తర్వాతది" అన్నారు.