ప్యాకేజీ చూసి ఒప్పుకోరు

సంక్షేమ హాస్టల్లో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంటుతో బీటెక్ గట్టెక్కి, మాదాపూర్‌లో నెలకు లక్ష సంపాదిస్తున్న దళిత కుర్రాడికి బ్యాంకువాళ్లు కారు లోను ఫోన్ చేసి మరీ ఇస్తారు. అమ్మాయి ఇంట్లో మాత్రం జీతం కన్నా ముందు "వాళ్లేంటోళ్లు?" అని అడుగుతారు. వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కిరాయి హంతకుడు నరికేసిన ప్రణయ్‌ది పేద కుటుంబమేమీ కాదు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కాబట్టి కులాంతర పెళ్లి చేసుకునే జంట ప్యాకేజీని నమ్ముకోకుండా ముందు కాగితాలు చూసుకోవాలి.

ఇద్దరూ హిందువులైతే హిందూ వివాహ చట్టం చాలు, ముందస్తు నోటీసు ఉండదు. కానీ తంతు జరక్కుండా సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే ఆ పెళ్లి చెల్లదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తాళి కట్టేటప్పుడు, ఏడడుగులు వేసేటప్పుడు ఫోటోలు తీయించండి.

అసలు చిక్కు చర్చి దగ్గరుంది. మన పల్లెల్లో ఎస్సీ సర్టిఫికెట్‌లో హిందువు, ఆదివారం ప్రార్థనకు వెళ్లే మనిషి ఒక్కడే కావడం మామూలు. బాప్తిస్మం తీసుకున్న అబ్బాయి గుళ్లో తాళి కడితే ఆ పెళ్లి రేపు కోర్టులో నిలవకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సరిగ్గా ఇలాంటి పెళ్లే చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. పోనీ క్రైస్తవుడినని రాసిచ్చి, మతాలు వేరైనా పెళ్లికి వీలిచ్చే ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ఎస్సీ హోదాకే ఎసరు. ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును మతం మారాడన్న కారణంతో 2025లో ఏపీ హైకోర్టు కొట్టేసింది. పెళ్లికి ఒక మతం, కోటాకు ఒక మతం చూపించమన్నట్టుంది వ్యవహారం! దరఖాస్తులో మతం గడి నింపే ముందు లాయరుతో మాట్లాడండి.

ప్రత్యేక వివాహ చట్టంలో ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు పెట్టాక ఇంకో 30 రోజులు ఆగాలి, అది బోర్డు మీద వేలాడుతూనే ఉంటుంది. చాలామంది హైదరాబాద్‌లో పెడితే ఊళ్లో తెలియదనుకుంటారు. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ అక్కడికీ పంపి అంటించాలని సెక్షన్ 6లోనే ఉంది, రహస్యం బయటపడేది అక్కడే. కులం వేరు, అమ్మానాన్నలకు ఇష్టం లేదు అన్నవి చట్టం ప్రకారం అభ్యంతరాలు కావు. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు, ముగ్గురు సాక్షులతో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికే.

పెళ్లైన రోజే మిస్సింగ్ కేసు పడుతుందనుకోండి. వయసు రుజువుకు అమ్మాయి పదో తరగతి మెమో దగ్గరుండాలి. పెద్దవాళ్లు మొట్టమొదట బీరువాలో పెట్టి తాళం వేసేది దాన్నే. ఎస్పీకి రక్షణ కోరుతూ ఇద్దరూ సంతకం చేసిన అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జంటలకు సురక్షిత వసతి, జిల్లాకో ప్రత్యేక విభాగం ఉండాలని సుప్రీంకోర్టు 2018 శక్తివాహిని తీర్పు చెబుతోంది, అర్జీలో ఆ పేరు రాయండి.

కొన్నాళ్లకు అమ్మాయి ఇంటివాళ్లు రాజీ అంటూ పిలిచి, ఆస్తిలో వాటా వదులుకున్నట్టు రాసే హక్కు విడుదల పత్రం మీద సంతకం అడుగుతారు. తండ్రి స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి 2005 నుంచి ఉన్న వాటా కులాంతర పెళ్లితో పోదు.