ఒకే 341, రెండు తీర్పులు

"రాజ్యాంగం మారలేదు కదా, మరి తీర్పెలా మారింది?" ఎస్సీ వర్గీకరణ మీద ఇవాళ కూడా గ్రూపులో ఇదే ప్రశ్న.

సుప్రీంకోర్టులో 2004 చిన్నయ్య కేసు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ చట్టం ఎస్సీల 15 శాతం కోటాను ఏ, బీ, సీ, డీ గ్రూపులకు 1, 7, 6, 1 శాతంగా పంచింది. అయిదుగురు జడ్జీలు కొట్టేశారు. వాళ్ల లెక్కలో 341 జాబితా, అంటే ఎస్సీలెవరో తేల్చే రాజ్యాంగ అధికరణం కింది జాబితా, ఒకే ముద్ద. దాన్ని ముట్టుకునే అధికారం పార్లమెంటుదే, పంచినా ముట్టుకున్నట్టే.

2024 ఆగస్టు 1న అదే కోర్టులో ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు 341ని సమానత్వ అధికరణాలు 14, 15, 16తో కలిపి చదివారు. జాబితాలో ఎవరున్నారో చెప్పడంతో 341 పని అయిపోతుంది, అందులో ఉన్నవాళ్లంతా ఒకే స్థితిలో ఉన్నారని అది చెప్పదు, కాబట్టి రాష్ట్రాలు వర్గీకరించవచ్చు అన్నారు. జస్టిస్ బేలా త్రివేది మాత్రం పాత దారిలోనే నిలబడ్డారు. ఫలితం నచ్చకపోయినా ఆ అసమ్మతి చదవండి, తర్కం గట్టిది.

నా మటుకు రెండోదే సరైన చదువు. కోటా పంచడంలో జాబితాలోంచి ఎవరినీ తీయలేదు, ఎవరినీ చేర్చలేదు.

అలాగని రాష్ట్రాలకు పగ్గాలు వదిలేయలేదు. ప్రాతినిధ్యం తక్కువుందని లెక్కలతో చూపాలి. మొత్తం కోటా ఒక్క ఉపవర్గానికే రాసివ్వకూడదు. లెక్కలు బలహీనంగా ఉంటే చట్టం కోర్టులో నిలవదు. 2025లో తెలంగాణ మూడు గ్రూపులకు చేసిన 1, 9, 5 శాతం పంపకానికీ ఇదే కొలత.

క్రీమీలేయర్ మీద, అంటే ఎస్సీల్లో బాగా ముందుకెళ్లినవాళ్లను కోటా నుంచి తప్పించడం మీద, 2024 తీర్పులో జస్టిస్ గవాయ్ రాసింది ఆదేశం కాదు. బెంచి ముందున్న ప్రశ్నే అది కాదు. దయచేసి అది ఆదేశమని చెప్పే ఆ ఫార్వర్డ్ ఆపండి.