మా భివండీ మొహల్లా కమిటీ

తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి ముంబయి దగ్గరి భివండీకి వలస వచ్చిన పద్మశాలీల పద్మనగర్‌లో పుట్టి పెరిగినవాడిగా, 1970లోనూ 1984లోనూ భివండీ చూసిన మతకల్లోలాల గురించి పెద్దల నోట వింటూనే ఎదిగాను. అందుకే ఈ వారం మొహల్లా (అంటే వాడ) కమిటీ సమావేశంలో సభ్యుడిగా కూర్చోవడం నాకు చిన్న విషయం కాదు. 1988లో డీసీపీగా ఉన్న సురేశ్ ఖోపడే, గొడవ జరిగాక లాఠీలతో దిగడం కన్నా ముందే ఇరుగుపొరుగును ఒకచోట కూర్చోబెట్టడం మేలని నమ్మి, హిందువులూ ముస్లింలూ కలిసి ఉండే ఈ కమిటీలకు శ్రీకారం చుట్టారు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత పక్కనున్న ముంబయి తగలబడుతున్నా భివండీ ప్రశాంతంగా నిలబడింది.

సమావేశంలో ప్రసంగాలేమీ లేవు. వినాయకుడి ఊరేగింపు మసీదు వీధి ఎప్పుడు దాటుతుందన్న దాని మీదే చర్చంతా సాగింది. నమాజు వేళ డప్పులు ఆపితే చాలని ఒక అన్సారీ పెద్దాయన అడిగితే, “తప్పకుండా చాచా, ఆ మలుపు దగ్గర నేనే నిలబడతాను” అని మా మండపం కుర్రవాడు మాట ఇచ్చాడు. పోలీసు అధికారి ఎక్కువగా వింటూ ఉండిపోయారు, అదే సరైన పద్ధతి అని నా నమ్మకం. వదంతి ముందుగా చేరేది ఇళ్లకే కాబట్టి, వచ్చే సమావేశానికి రెండు వైపుల నుంచీ స్త్రీలను పిలవాలని నేను ప్రతిపాదించాను, అందరూ ఒప్పుకున్నారు.